స్టౌట్ మేడమ్

పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని ఫోను తీసేసరికి మా పాత కాలేజీ స్టాఫ్ గ్రూపులో ఒక ఫొటో ఉంది. దాని కింద చేతులు జోడించిన బొమ్మ. ఫొటోలో ఒక ముసలావిడ. బుగ్గలు లోపలికి పోయాయి. మెడ నరాలు తేలాయి. జాకెట్టు చేతులు వదులై మోచేతుల దాకా జారాయి.

కెమిస్ట్రీ ఆయన "ఎవరండీ ఈవిడ?" అని అడిగాడు. లైబ్రేరియన్‌గారు "మనకి తెలిసినవారేనా అండీ?" అన్నారు. ఇంకొకాయన ఎవరో ఏమిటో తెలియకుండానే ఆత్మకు శాంతి కలగాలని రాసేశాడు.

నాకు తెలుసు. ఆవిడని అలా చూసినవాణ్ణి ఆ గ్రూపులో నేనొక్కణ్ణే. పేరు రాద్దామంటే, కాలేజీలో ఆవిడని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. వాళ్ళకి గుర్తు రావాలంటే అందరూ పిలిచే ఆ రెండో పేరు రాయాలి. చనిపోయిన మనిషి ఫొటో కింద ఆ మాట రాయడానికి నాకు వేలు ఆడలేదు. నేను తటపటాయిస్తూ ఉండగానే ఫొటో పెట్టిన ఆఫీసు గుమాస్తా రాశాడు. "మన ఇంగ్లీషు మేడమ్ అండి. స్టౌట్ మేడమ్."

అప్పుడు అందరికీ తెలిసింది. "అయ్యో, ఆవిడా" అని ఒకరి వెనక ఒకరు మొదలుపెట్టారు. "ఎంత చిక్కిపోయారండీ" అని అందరిదీ అదే మాట. నేను ఫోను బోర్లా పెట్టి చొక్కా మార్చుకున్నాను.

"ఈ మోకాళ్ళతో కైకలూరు దాకా ఏం వెళ్తారండీ. ఫోన్ చేసి వాళ్ళ తమ్ముడితో మాట్లాడండి," అంది మా ఆవిడ.

"వెళ్ళొస్తాను."

ఈ మధ్య నాకు ప్రయాణాలంటే ఇవే. ఎవరి ఇంటికో వెళ్ళి, బయట వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కాసేపు కూర్చుని, తిరిగి రావడం. వాళ్ళింట్లో టీ కూడా తాగకూడదు కనుక ఏలూరు బస్టాండులో ఒక టీ తాగి కైకలూరు బస్సెక్కాను.

మేమిద్దరం తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు కాలేజీలో పనిచేశాం. నేను తెలుగు, ఆవిడ ఇంగ్లీషు. ఇద్దరం ఏలూరు నుంచే రోజూ రైల్లో వెళ్ళి వచ్చేవాళ్ళం. ఆవిడది కైకలూరు. ఉద్యోగం కోసం ఏలూరులో ఒక వాటా అద్దెకి తీసుకుని ఒక్కరే ఉండేవారు. పెళ్ళి సంగతి నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఆవిడ ఎక్కడ కూర్చోబోయినా ముందు కుర్చీని అరచేత్తో ఒకసారి నొక్కి చూసేవారు. సంతలో గేదెని కొనేవాడు వెన్ను మీద చెయ్యి వేసినట్టు ఉండేది. కుర్చీ సరిగా ఉందనిపిస్తే "పరవాలేదు, మంచిదే" అని దానితోనే అని, అప్పుడు కూర్చునేవారు. స్టాఫ్ రూములో ఆవిడ కుర్చీ కిర్రుమంటే తలెత్తకుండా నటించడం మా అందరికీ అలవాటైపోయింది. ఆవిడ మాత్రం, "విన్నారుగా, ఇక పని చేసుకోండి," అనేవారు.

రైల్లో మటుకు అంత తేలిగ్గా ఉండేవారు కాదు. ముగ్గురు కూర్చునే బెంచీ మీద ఇద్దరే ఉన్నా కూర్చునేవారు కాదు. తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడేవారు. దెందులూరు దాటేది, భీమడోలు వచ్చేది. అక్కడ జనం దిగి బెంచీ మొత్తం ఖాళీ అయితే వచ్చి కూర్చునేవారు. లేకపోతే గూడెం దాకా నిలబడే వచ్చేవారు.

"చోటుంది కదండీ, రండి," అనేవాణ్ణి.

"చోటు ఉంటుంది మాస్టారూ. నేను కూర్చున్నాక ఉండదు."

ఒకరోజు తేగల బుట్టతో ఎక్కిన ఒక పెద్దావిడ ఈవిణ్ణి ఎగాదిగా చూసింది. ఆమె కూడా మంచి ఒళ్ళున్న మనిషి. బుట్ట కాళ్ళ కింద పెట్టుకుని, "రామ్మా, కూకో. మనిద్దరం కలిసి నలుగురి చోటు తీసుకుందాం. ఎవరేమంటారో చూద్దాం," అంది. మేడమ్ కాసేపు కదల్లేదు. తర్వాత వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నారు. పుళ్ళ వచ్చేవరకూ ఇద్దరూ మోకాలి నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. ఆ రోజు కాలేజీలో ఆవిడ ముఖం వేరుగా ఉంది.

ఇంకొకటి, ఆవిడ నలుగురిలో తినేవారు కాదు. జామకాయలవాడు వస్తే కొని మా అందరికీ పంచేవారు, తను ముట్టుకునేవారు కాదు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తీసుకుని లైబ్రరీ వెనక పుస్తకాల గదిలోకి వెళ్ళేవారు. ఎందుకండీ అంటే, "నేను ఒక ముద్ద తింటే పదిమంది చూస్తారండి. మీరు తింటే ఎవరైనా చూస్తున్నారా?" అన్నారు. నేను అప్పుడు బజ్జీ తింటున్నాను. నిజమే, నావైపు ఎవరూ చూడట్లేదు.

ఆ పేరు రావడం నాకు బాగా గుర్తుంది. మా గదుల మధ్య ఉన్నవి సగం గోడలే, పైన రేకులు. పక్క క్లాసులో ఏం జరిగినా వినపడేది. కొత్త బ్యాచ్‌కి ఆవిడ మొదటి క్లాసు. బల్ల మీద పుస్తకాలు పెట్టిన చప్పుడు, కుర్చీ కిర్రుమన్న చప్పుడు, వెనక వరసలోంచి ఎవరో "స్టౌట్ మేడమ్" అని గొణిగిన చప్పుడు, నవ్వులు. నా క్లాసులో పిల్లలు కూడా చెవులు రిక్కించారు. నేను పాఠం ఆపేశాను.

"ఎవరన్నారో నాకు అక్కర్లేదు," అన్నారు ఆవిడ. "మాట మంచిదే. స్పెల్లింగు ఎవరికి తెలుసు?"

ఎవరో చెప్పారు. బోర్డు మీద సుద్దముక్క నడిచింది.

"అర్థం?"

"లావు మేడమ్," అన్నారు నలుగురైదుగురు.

"సరే, ఒక అర్థం వచ్చింది. ఇక్కడే దిగిపోకండి. మాటకి ముందు ఇంకా స్టేషన్లున్నాయి." ఆ మాట ఆవిడ తర్వాత ప్రతి పాఠంలోనూ అనేవారు. ఆ రోజే మొదటిసారి విన్నాను. "బావిలో బకెట్టు దింపే తాడు తెగకుండా గట్టిగా ఉందనుకోండి, అది స్టౌట్ రోప్. రాళ్ళలో నడిచినా అరగని బూట్లు స్టౌట్ బూట్స్. తోస్తే విరగని తలుపు స్టౌట్ డోర్. భయపడకుండా నిలబడ్డ మనిషిని కూడా అలాగే అంటారు. మన వైపు ఇవన్నీ ఎవరికీ అక్కర్లేదు. ఫ్యాట్ అంటే తిట్టు, స్టౌట్ అంటే మర్యాద అనుకుంటాం. ఏలూరులో మా టైలరు ఉన్నాడు. 'మీరు కొంచెం స్టౌట్ కదండీ, గుడ్డ ఎక్కువ పడుతుంది,' అంటాడు. పాపం, నన్ను నొప్పించకూడదని ఇంగ్లీషులో అంటాడు."

క్లాసు నవ్వింది. ఈసారి నవ్వు వేరు.

"ఇది విశేషణం. నామవాచకం ముందు పెట్టొచ్చు, క్రియ తర్వాత పెట్టొచ్చు. ఎవరి గురించి వాడాలి అన్నది గ్రామర్‌లో లేదు. నా గురించి నేను వాడుకోవచ్చు. నువ్వు నా గురించి వాడాలంటే మాత్రం ముందు నాతో కొన్నాళ్ళు ఉండి, నా తలుపు గట్టిదో కాదో చూసి, అప్పుడు వాడు. రాసుకోండి."

ఆ పేరు అలా స్థిరపడింది. పిల్లలు పెట్టారని అందరూ అనుకుంటారు. ఆవిడే ఉంచుకున్నారు. కాకపోతే దాన్ని మోయడానికి ఎంత ఓపిక కావాలో రైల్లో తెలిసేది. సాయంత్రం బండిలో బెంచీ ఖాళీగా దొరికిన రోజున కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుని, "పొద్దున్నించీ నవ్వించి నవ్వించి అలిసిపోయానండి," అనేవారు. "వాళ్ళు నవ్వేలోపు నేనే నవ్వించాలి. ఒక్కరోజు ఆలస్యమైతే వాళ్ళు మొదలుపెడతారు."

అలాంటి ఒక సాయంత్రమే అడిగారు. "మాస్టారూ, స్టౌట్‌కి తెలుగులో సరైన మాట ఏదండీ?"

"స్థూలకాయం," అన్నాను.

"అది రోగం పేరులా ఉంది. ఇంకోటి చెప్పండి."

"బొద్దు. పుష్టి. దిట్టం."

"దిట్టం బావుంది. తాడుకీ వస్తుంది, మనిషికీ వస్తుంది. కానీ నన్ను చూసి ఎవరూ దిట్టం అనరు కదండీ. లావు అంటారు."

అప్పుడు నాకు గుర్తొచ్చి చెప్పాను, పాత తెలుగులో లావు అంటే బలమని. లావు పోయింది అంటే ఒంట్లో శక్తి పోయిందని అర్థం. ఒళ్ళు పెరగడంతో దానికి సంబంధం లేదు.

ఆవిడ కిటికీ మీంచి తల తీశారు. "నిజంగానా అండీ?"

"నిఘంటువులో ఉంది. చూపిస్తాను."

"ఇన్నాళ్ళూ పక్కనే కూర్చుని ఇప్పుడా చెప్పడం," అన్నారు. మళ్ళీ కిటికీకి తల ఆనించారు. తర్వాత నెమ్మదిగా, "అయితే మీ మాటా నా మాటా ఒకేలా చెడిపోయాయన్నమాట. బలం పోయి ఒళ్ళు మిగిలింది," అన్నారు. మర్నాడు పక్క గదిలోంచి ఆ పాఠం కూడా వినిపించింది. నా పేరు చెప్పి మరీ చెప్పారు.

భవాని ఆ ఏడాది చేరిన పిల్ల. కొల్లేటి లంక గ్రామం. తండ్రి చిన్న చేపల చెరువు కౌలుకి చేసేవాడు. పిల్ల హాస్టల్లో ఉండేది. ఒడ్డూ పొడుగూ ఉన్న పిల్ల. గదిలోకి వచ్చేటప్పుడు భుజాలు లోపలికి ముడుచుకుని, చున్నీ రెండు వైపులా లాక్కుని, గోడ వెంట నడిచి వెనక బెంచీకి వెళ్ళేది. నోరు తెరిస్తే మాత్రం గొంతు గుడిగంటలా ఉండేది. ఇంగ్లీషు పద్యం ఆ పిల్ల చదువుతుంటే నా క్లాసులో నేనే ఆగి వినేవాణ్ణి.

మేడమ్ ఆ పిల్లని కాలేజీ డేకి స్టేజి మీద కార్యక్రమం నడిపించడానికి తయారుచేశారు. సాయంత్రం బండి వదిలేసి, తర్వాతి బండి దాకా ఉండి నేర్పేవారు. "భుజాలు తియ్యి అమ్మా. నీ ఒళ్ళు నీదే, ఎవరిదీ దొంగిలించలేదు," అనడం నేను విన్నాను.

కార్యక్రమం దగ్గర పడ్డాక కరస్పాండెంటుగారు స్టాఫ్ మీటింగు పెట్టారు. అన్నీ అయ్యాక, మర్యాదగానే, "మేడమ్, ఆ యాంకరింగ్ అమ్మాయి విషయం," అన్నారు. "మంచి అమ్మాయే. కాకపోతే కొంచెం స్టౌట్ కదా. వీడియో తీయిస్తున్నాం, యూట్యూబులో పెడతాం, వచ్చే ఏడు అడ్మిషన్లకి అదే చూస్తారు. స్లిమ్‌గా ఉన్న పిల్లని ఎవర్నైనా నిలబెట్టండి. గొంతు కావాలంటే ఈ అమ్మాయిదే వాడుకుందాం. కర్టెన్ వెనక కూర్చోబెట్టి మైకు ఇద్దాం."

మేడమ్ లేచి నిలబడ్డారు.

"ఆ మాట వాడారు కనుక అడుగుతున్నాను సార్. స్టౌట్ అంటే ఏమిటి?"

"అదేనండీ, కొంచెం లావుగా..."

"ఆ అర్థం నాకూ వస్తుంది కదండీ. మరి నన్ను కూడా కర్టెన్ వెనక కూర్చోబెట్టే పాఠం చెప్పించండి. ముందర ఎవరినైనా నిలబెట్టండి, పెదవులు ఆడిస్తారు."

ఎవరో నవ్వబోయి ఆగారు. కరస్పాండెంటుగారి ముఖం ఎర్రబడింది. "మిమ్మల్ని అనలేదు మేడమ్. పర్సనల్‌గా తీసుకోకండి."

"ఎలా తీసుకోవాలండీ? ఆ పిల్ల స్టేజి మీదకి వస్తే కార్యక్రమం నేను చేయిస్తాను. రాకపోతే నేనూ రాను."

నేనూ ఒక మాట అన్నాను. పిల్ల బాగా మాట్లాడుతుంది సార్, ఆలోచించండి అని. కెమిస్ట్రీ ఆయనా అన్నాడు. కరస్పాండెంటుగారు ఫోను చూసుకుంటూ, "చూద్దాం, చూద్దాం," అని మీటింగు ముగించారు.

అయితే మీటింగు మాట ఆ గదిలో ఆగలేదు. మధ్యాహ్నానికల్లా కాలేజీ అంతా పాకింది. భవాని లావుగా ఉందని సార్ అన్నారట, స్టౌట్ మేడమ్ పోట్లాడారట. వరండాలో ఆ పిల్ల నడుస్తుంటే పిల్లలు పక్కకి తప్పుకుని దారిచ్చారు. జాలిగా చూసినవాళ్ళు కొందరు, తేరిపార చూసినవాళ్ళు కొందరు.

ఆఖరి గంట కొట్టాక స్టాఫ్ రూములోకి వచ్చింది. నేనూ మేడమ్ మాత్రమే ఉన్నాం. ఆ పిల్ల ఏడవలేదు. గొంతు కూడా పెంచలేదు.

"మేడమ్, మిమ్మల్ని ఎవరు అడగమన్నారండీ?"

"అదేంటమ్మా, నీకు..."

"సార్ నన్ను ముందే పిలిచి అడిగారు మేడమ్. వెనక కూర్చుని చదువుతావా అని. చదువుతానన్నాను. నాకు అదే బావుంది. నా గొంతు అందరూ వింటారు, నన్నెవరూ చూడరు. ఇప్పుడందరూ నన్నే చూస్తున్నారు. మీరు నవ్వించి తప్పించుకుంటారు మేడమ్, నాకు రాదు."

మేడమ్ చెయ్యి చాపారు. భవాని వెనక్కి జరిగింది. ఆ జరగడంలో బల్ల అంచు తగిలి పుస్తకాలు కింద పడ్డాయి. వంగి అన్నీ ఏరి, బల్ల మీద సర్ది పెట్టి వెళ్ళిపోయింది. ఆ వారంలోనే తండ్రి వచ్చి టీసీ తీసుకున్నాడు. కార్యక్రమం సన్నటి పిల్లతోనే జరిగింది. వేసవి సెలవులు అయ్యాక మేడమ్‌ని రావద్దన్నారు. కారణం ఏదో చెప్పారు, వేరే కారణం.

భవాని వెళ్ళిన రోజు సాయంత్రం బండిలో ఆవిడ తలుపు దగ్గర నిలబడలేదు. ఎక్కగానే వచ్చి ఇద్దరి మధ్య కూర్చుండిపోయారు. వాళ్ళు విసుక్కుంటూ జరిగినా పట్టించుకోలేదు. ఏలూరులో దిగి, స్టేషను బయట ఆటోల దగ్గర ఆగి, "ఆ పిల్ల కోసం అనుకున్నానండి," అన్నారు. "నా కోసం పోట్లాడానేమో మాస్టారూ. ఇన్నేళ్ళ నా కోపం తెచ్చి ఆ పిల్ల మీద పెట్టాను." నేను ఏదో ఓదార్పు మాట అనబోయాను. "వద్దండీ, ఇంటికి వెళ్దాం. కాళ్ళు లాగుతున్నాయి," అని ఆటో ఎక్కారు.

తర్వాత ఆవిడ కైకలూరు వెళ్ళిపోయారు. తమ్ముడికి అక్కడ చేపల మేత అమ్మే షాపు ఉంది. షాపు మీద గదిలో ఉంటూ హాస్పిటళ్ళలో నర్సులుగా చేసే ఆడపిల్లలకి ఇంగ్లీషు చెప్పేవారు. ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. షుగరు, ఆ తర్వాత కిడ్నీలు. పోయిన వానాకాలంలో చూడ్డానికి వెళ్ళాను. సన్నటి మెట్లెక్కి పైకి వెళితే, కిటికీ దగ్గర మంచం మీద ఎవరో కూర్చుని ఉన్నారు. వేరే గదిలోకి వచ్చానేమో అనుకుని వెనక్కి తిరగబోయాను.

"నేనేనండీ. రండి మాస్టారూ," అన్నారు. గొంతొక్కటే మిగిలింది. కుర్చీ చూపించి, "నొక్కి చూసుకుని కూర్చోండి," అన్నారు.

నొక్కి చూసే కూర్చున్నాను. ఆవిడే అందుకున్నారు.

"మొదట్లో కొంచెం తగ్గినప్పుడు ఎంతమంది మెచ్చుకున్నారనుకున్నారండీ. స్లిమ్ అయ్యారు మేడమ్, ఏం తింటున్నారు మేడమ్ అని. మా మరదలి పిన్నిగారైతే డైట్ చెప్పమని ప్రాణం తీశారు. రోగమండీ అంటే నమ్మలేదు. జీవితంలో నన్ను చూసి అంతమంది సంతోషించడం అదే మొదలు." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "ఇంకా తగ్గాక మానేశారు. ఇప్పుడు ఏమీ అనరు. ఇంగ్లీషులో దీనికి గాంట్ అని ఒక మాట ఉంది. మొహంలో ఎముకలు కనపడేలా చిక్కడం. పాఠంలో చెప్పాను గానీ, ఎప్పుడూ దానికి ఉదాహరణ దొరకలేదు."

"ఎందుకండీ ఆ మాటలు."

"మరి మనకి పనేముంది, మాటలే కదా. మీ మాటే మంచిదండీ. చిక్కడం. చిక్కాను అంటే సన్నబడ్డాను, చిక్కాను అంటే దొరికిపోయాను. రెండూ ఒక్క మాటలో వచ్చాయి."

కింద షాపులో మేత బస్తాలు దించుతున్నారు. దభీదభీమని చప్పుడు పైకి వస్తోంది. ఆవిడ దాన్నే వింటున్నట్టు ఉండిపోయి, "ఎవరికీ జవాబు చెప్పక్కర్లేకపోతే ఎంత హాయిగా ఉంటుందో తెలిసిందండి," అన్నారు. "బస్సెక్కుతాను, ఎవరూ చూడరు. తింటాను, ఎవరూ చూడరు. తీరా చూస్తే తినబుద్ధి కావట్లేదు."

లేవబోతుంటే భవాని సంగతి చెప్పారు. దగ్గర్లోనే ఉందట. చేపలు ఐసులో పెట్టి లారీలకెక్కించే ప్యాకింగ్ యార్డులో సూపర్‌వైజరుగా చేస్తోందట. హౌరా వ్యాపారులతో ఫోన్లో ఇంగ్లీషులో మాట్లాడేది ఆ పిల్లేనట. "మా తమ్ముడు చెప్పాడు. నంబరు తెచ్చి ఇచ్చాడు. చేశానండి. నా గొంతు విని పెట్టేసింది. రెండోసారి చెయ్యలేదు. అంత పెద్దదైన పిల్లని మళ్ళీ ఇబ్బంది పెట్టడం ఎందుకు."

ఆవిణ్ణి చూడటం అదే ఆఖరు.

ఆ పొద్దున నేనెక్కిన బస్సు కొల్లేరు రోడ్డు మీద నెమ్మదిగా నడిచింది. రెండు వైపులా చెరువులే. పడవల్లో మనుషులు మేత చల్లుతున్నారు. కైకలూరులో దిగి, కుంటుకుంటూ షాపు దగ్గరికి వెళ్ళేసరికి ఎండ బాగా ఎక్కింది. షట్టరు సగం దించి ఉంది. ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. పాత స్టాఫ్‌లో నేను తప్ప ఎవరూ రాలేదు.

ఆవిడ ఇంకా పై గదిలోనే ఉన్నారు. కిందకి తెచ్చి స్నానం చేయించాలి. మెట్లు సన్నం, మధ్యలో మలుపు. మంచంతో దింపుదామని మొగవాళ్ళు పైకెళ్ళి చూసి, మలుపు తిరగదని దిగివచ్చారు. దుప్పట్లో వేసి నలుగురం పట్టుకుందామని ఒకరు, గోడకి కొట్టుకుంటుందని ఇంకొకరు. తమ్ముడు తల పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. పురోహితుడు టైము చూసుకుంటున్నాడు.

అప్పుడు షామియానా అంచున ఒక అమ్మాయి కనపడింది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చుడీదారు మీద మొగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా. పనిలోంచి తిన్నగా వచ్చినట్టుంది. చొక్కా ముందు భాగం ఐసు నీళ్ళతో తడిసి ఉంది. భుజాలు ముడుచుకోలేదు. నేను లేచి దగ్గరికి వెళ్ళాను.

"భవానీ, గుర్తుపట్టావా అమ్మా?"

"తెలుగు సార్ కదండీ." కాసేపు నేలవైపు చూసింది. "నేను రాకూడదనే అనుకున్నానండి. నాకు ఆవిడ మీద కోపం పోలేదు. ఇప్పటికీ పోలేదు సార్. ఫోన్ చేశారు ఒకసారి. పెట్టేశాను."

"చెప్పారు."

"ఏమన్నారండీ?"

"నిన్ను మళ్ళీ ఇబ్బంది పెట్టడం ఎందుకని అన్నారు."

ఆ పిల్ల చొక్కా చేతులు పైకి మడుచుకుంది. మెట్ల దగ్గర వాదించుకుంటున్న మొగవాళ్ళని చూసింది. తమ్ముడి దగ్గరికి వెళ్ళి, "నేను తెస్తానండి," అంది.

ఆయనకి అర్థం కాలేదు. "ఏం తెస్తావమ్మా?"

"మేడమ్‌ని. మీరు కింద చోటు చెయ్యండి."

వెనకనుంచి ఎవరో పెద్దావిడ "చేపల పనిలోంచి వచ్చినట్టుంది" అని సణిగింది. తమ్ముడు ఆమెవైపు చూడకుండా, "వెళ్ళమ్మా," అన్నాడు.

భవాని బూట్లు విప్పి, కాళ్ళు కడుక్కుని పైకెళ్ళింది. మేము మెట్ల కింద నిలబడ్డాం. కొంతసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత ఆ పిల్ల మలుపులో కనపడింది. మేడమ్‌ని రెండు చేతుల మీదా ఎత్తుకుని, తల తన భుజానికి ఆనించుకుని, పాదాలు గోడకి తగలకుండా పక్కకి తిరిగి, ఒక్కొక్క మెట్టూ చూసుకుంటూ దిగింది. సాయానికి చేతులు చాపిన మొగవాళ్ళు వెనక్కి తగ్గి దారిచ్చారు. పెరట్లో వేసిన బల్ల మీద నెమ్మదిగా పడుకోబెట్టింది. పక్కకి జారిన తలని సరిచేసింది. కుచ్చిళ్ళు పాదాల మీదకి లాగింది.

తమ్ముడి భార్య నీళ్ళ చెంబు పట్టుకుని దగ్గరికి వచ్చింది. "ఎవరమ్మా నువ్వు? మా వదినగారికి ఏమవుతావు?"

"ఆవిడ దగ్గర చదువుకున్నానండి," అంది భవాని. అన్ని మెట్లు దిగినా ఆ పిల్లకి ఆయాసం రాలేదు.